నేను దాచిన చెరువు పటం

రిటైరైన సర్వేయరును ఎవరైనా మాట్లాడమంటే పరికరాల గురించే అడుగుతారు. గొలుసు పట్టుకుని కొలిచిన రోజుల నుంచి ఉపగ్రహంతో కొలిచే రోజుల దాకా ఎలా వచ్చారు సార్ అంటారు. నేనూ చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటి వాళ్ళు వింటారు, ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఇప్పుడు రాస్తున్నది అలాంటి చోట ఎప్పుడూ చెప్పనిది. మన వృత్తిలో కొలత తప్పితే మళ్ళీ కొలుచుకోవచ్చు. నేను కొలత తప్పలేదు. సరైన కొలత నా బల్ల సొరుగులో పెట్టుకుని, లేదని చెప్పాను. కారణం అసూయ. అంతకంటే గౌరవమైన మాట దొరుకుతుందేమోనని చాలాకాలం వెతికాను, దొరకలేదు.

ఉద్యోగంలో చివరి పదేళ్ళూ నేను ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళలోనే తిరిగాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి నగరం శివార్లలో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను. అయినా నోరు విప్పితే చాలు, "సారుది ఆంధ్రనా?" అని అడిగేవారు. అందులో కోపమేమీ ఉండేది కాదు. కానీ ఆ ప్రశ్న తర్వాత వాళ్ళు నాతో మాట్లాడే మాటలు తగ్గిపోయేవి.

పొద్దున్నే ఆదిభట్ల కంపెనీ బస్సులు, శేరిగూడ కాలేజీల బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతుంటే వాటి పక్కన నా స్కూటరు. బొంగులూరు వైపు నెలకొక కొత్త వెంచరు కమాను లేచేది. ఆ రోడ్డు దిగి మట్టిబాట పడితే నేను చెప్పబోయే ఊరు. పేరు అక్కర్లేదు. రాళ్ళగుట్టల నడుమ ఒక చెరువు, కట్ట కింద పొలాలు, కట్టకు ఒక చివర చేపలు పట్టేవాళ్ళ వాడ. చెరువు అనడమే గానీ అందులో నిండుగా నీళ్ళు నేను చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎండిపోయి నడుమ ఒక మడుగు మాత్రం మిగిలింది. తక్కినదంతా సర్కారు తుమ్మ. చేపలు పట్టేవాళ్ళలో సగం మంది కాలేజీ క్యాంటీన్లలో, కంపెనీ గేట్ల దగ్గర పనికి కుదిరారు.

ఒక ఏడాది పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఊరికీ ఒక చిన్న పుస్తకం రాయాలట. ఊరి చరిత్ర, నేల తీరు, నీళ్ళు, గుట్టలు, వాడలు, వెనక ఒక పటం. అది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఇరవై ఏళ్ళుగా నేను ఊళ్ళ గురించి నోటు పుస్తకాల్లో రాసుకుంటున్నాను. ఆఫీసులో అందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసేలా నేనే చూసుకున్నాను. ఆ పని నాకే వస్తుందని ఇంట్లో కూడా చెప్పేశాను.

మా అధికారి ఆ పనిని నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన మరో సర్వేయరుకు ఇచ్చారు.

ఆవిడది పక్క ఊరే. మాట తిన్నగా ఉంటుంది, నడక వేగం. "ఊరోళ్ళు ఆమెతోని మంచిగ మాట్లాడుతరు. పటాలు మీరు చూసుకోండ్రి, రాసుడు ఆమెకు ఒదిలిపెట్టుండ్రి," అన్నారు అధికారి. నేను "తప్పకుండా సార్" అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మొదటిసారి ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్ళాం. నాకు పంచాయతీ ముందు కుర్చీ వేశారు, నీళ్ళ సీసా ఇచ్చారు. ఆవిడను ఒక ముసలాయన పేరు పెట్టి పిలిచాడు. చేపల వాడలో అందరికంటే పెద్దవాడు ఆయన. ఆవిడ మేనత్తది ఈ ఊరేనట. "బిడ్డా, లోపటికి రా, బువ్వ తిందువు," అన్నాడు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికి పోయింది. జొన్నరొట్టె, చేపల పులుసు వాసన, ఆడవాళ్ళ నవ్వులు. గంట తర్వాత బయటికి వచ్చేసరికి ఆవిడ నోటు పుస్తకంలో ఎనిమిది పేజీలు నిండి ఉన్నాయి. నేను అదే గంటలో కట్ట పొడవు కొలిచాను. అది అప్పటికే రికార్డులో ఉన్న కొలతే.

వారం తిరక్కుండా ఆవిడ రాసిన పేజీలు నా బల్ల మీద పెట్టింది. "సార్, జర తప్పులు దిద్దండ్రి. మీరు మస్తు చదువుకున్నోళ్ళు."

ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఆ ఊళ్ళో నేలకు మూడు పేర్లున్నాయని రాసింది. గుట్ట దిగుతుంటే పాదానికి గుచ్చుకునేది గరుకు, నడుమ ఎర్రగా పొడిపొడిగా ఉండేది చెల్క, చెరువు దగ్గర కాలికి అంటుకుని వదలనిది ఒండ్రు అని. పెళ్ళికూతురిని పంపేటప్పుడు వాడలోవాళ్ళు ఆమె ముఖం చెరువు వైపు తిప్పి నిలబెట్టేవారని రాసింది. చెరువు ఎండిన తర్వాత కూడా అలాగే తుమ్మచెట్ల వైపు తిప్పి నిలబెడుతున్నారని రాసింది. నా నోటు పుస్తకాల్లో ఆ ఊరి గురించి 'నైసర్గిక స్వరూపం: ఎర్రనేలలు, అక్కడక్కడ శిలలు' అని ఉంది.

రెండు అక్షరదోషాలు మాత్రమే దొరికాయి. ఇంకా ఉండాలని చూశాను. లేవు. ఇంటికి వెళ్ళి నా నోటు పుస్తకం తెరిచి, ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదువుకుని మూసేశాను. నా భార్య, "ఎవరితోనైనా గొడవా?" అని అడిగింది. లేదన్నాను. నిజానికి గొడవకు కూడా ఆవిడ నాకు అవకాశం ఇవ్వలేదు. ప్రతి పేజీ చూపించేది, ప్రతి మాటకూ నా సలహా అడిగేది. అది మరీ బాధగా ఉండేది.

తర్వాత నీళ్ళ గీత సంగతి వచ్చింది. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ హద్దును మనం ఎఫ్‌టీఎల్ అంటాం. ఆ ఊరికి మా దగ్గర ఉన్న హద్దు, చెరువు ఎండిన ఏళ్ళలో ఎవరో తొందరగా గీసింది. ఆవిడ ముసలాయనను వెంటబెట్టుకుని చెరువు చుట్టూ మూడు రోజులు నడిచింది. ఆయన చూపించిన చోటల్లా తవ్వి చూసింది. ఎర్రమట్టి మీద నల్లటి ఒండ్రు పొర, అందులో నత్తగుల్లలు. వాటిని కలుపుకుంటూ ఒక గీత గీసింది. అది రికార్డు గీత కంటే చాలా పైన ఉంది.

"ఆయన చిన్నగున్నప్పుడు నీళ్ళు గక్కడిదాక ఉండెనట సార్," అంది. "పాత పటం ఏమన్న ఉంటదా? ఉంటే మనకు గట్టి ఆధారం."

"చూస్తానమ్మా," అన్నాను.

చూశాను కూడా. సహాయం చేయాలని కాదు. ఆవిడ గీత తప్పని తేల్చాలని. రెండు రోజులు రికార్డు గదిలో దుమ్ము మింగాను. ఎర్రగుడ్డ మూట ఒకదానిలో, గుడ్డ మీద అతికించిన పటం దొరికింది. ఉర్దూ అక్షరాలు. నాకు ఉర్దూలో అంకెలు, భూమికి సంబంధించిన నాలుగు మాటలు చదవడం వచ్చు. అది ఆ ఊరే. చెరువు చుట్టూ నీలి సిరాతో నీళ్ళ హద్దు గీసి ఉంది. ఆవిడ గీత ఉన్న పల్చటి కాగితం దాని మీద పరిచి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్క మలుపు దగ్గర మాత్రం కాస్త తేడా. అక్కడ కూడా నేలను తలుచుకుంటే ఆవిడదే సరి అనిపించింది.

ఒక ముసలాయన జ్ఞాపకం, ఒక గడ్డపార, మూడు రోజుల నడక. వాటితో ఆవిడ అంత దగ్గరగా వచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి గీత ఒక్కటి గీయలేదు. ఆ పటం బయటపెడితే అందరూ ఆవిడను మెచ్చుకుంటారు. దాన్ని వెతికిన నన్ను కాదు. కిటికీ దగ్గర నిలబడి నేను ఆలోచించింది ఇదే. ఊరి గురించి గానీ, నీళ్ళ గురించి గానీ కాదు. పటం మడిచి నా సొరుగులో పాత దినపత్రికల కింద పెట్టాను.

మరుసటి వారం సమావేశం జరిగింది. చేపల వాడ ఇరుకైపోయింది, ఇళ్ళు లేనివాళ్ళకు స్థలాలు ఇవ్వాలి. అందుకు చూసిన ప్రభుత్వ భూమి సరిగ్గా రికార్డు గీతకూ ఆవిడ గీతకూ మధ్య ఉంది. ఆ సంగతి నాకు సమావేశంలోనే తెలిసింది. ఈ మాట నన్ను కాపాడుకోవడానికి చెప్పడం లేదు. తెలిసిన తర్వాత కూడా నోరు విప్పలేదు కాబట్టి.

ఆవిడ తన గీత చూపించింది. "ముసలోళ్ళు చెప్పిండ్రు, మట్టి కూడ గదే చెప్తుంది," అంది.

అధికారి నా వైపు చూశారు. "రికార్డుల ఏమన్న ఉన్నదా?"

"లేదు సార్," అన్నాను. "రికార్డు లేకుండా హద్దు మార్చడం మంచిది కాదు. జ్ఞాపకాలను పట్టుకుని గీతలు గీస్తే రేపు ప్రతివాళ్ళూ ఒక గీత చెబుతారు."

చాలా బాగా మాట్లాడాను. అందరూ తల ఊపారు. ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి కాగితం మడుచుకుంది. ఆ క్షణం నాకు గెలిచినట్టే ఉంది. దాదాపు రెండు రోజులు ఉంది ఆ హాయి.

ఆ చలికాలంలో ఆ భూమిని స్థలాలుగా విడగొట్టి, హద్దు రాళ్ళు నేనే దగ్గరుండి పాతించాను. ముంపు లేదని రాసిన కాగితం మీద సంతకం నాదే. ముసలాయనకు కూడా ఒక స్థలం వచ్చింది. రాయి పాతుతుంటే ఆయన పక్కన నిలబడి చెరువు వైపు చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా నిండని చెరువు, ఇప్పుడేం నిండుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పటం గుర్తొస్తుందని ఆ సొరుగు తెరవడం మానేశాను. ఇంకో సొరుగు వాడుకున్నాను.

తర్వాతి వానాకాలంలో నాలుగు రోజులు ఆగకుండా కురిసింది. పైనున్న చిన్న చెరువులు ఒక్కొక్కటే పొంగాయి. అయిదో రోజు పొద్దున టీ తాగుతుంటే వాన తగ్గింది. అప్పుడు నాకు భయం వేసింది. వాన కురుస్తున్నంతసేపూ రాని భయం, అది ఆగి, ఆ నీళ్ళన్నీ ఎటు పోతాయా అని ఆలోచించినప్పుడు వచ్చింది. ఆఫీసుకు పోయి సొరుగు తెరిచి, పటాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి స్కూటరెక్కాను.

ఊరికి అర కిలోమీటరు ముందే బాట మునిగి ఉంది. స్కూటరు వదిలేసి నడిచాను. కట్ట మీదికి ఎక్కి చూస్తే తుమ్మచెట్లు లేవు. కొసలు మాత్రం నీళ్ళ మీద తేలుతున్నట్టు కనబడ్డాయి. అంత పెద్ద చెరువని నాకు తెలియదు. పటంలోని నీలి గీత ఎక్కడ మలుపు తిరిగిందో నీళ్ళు అక్కడే మలుపు తిరిగి నిలబడ్డాయి.

కొత్త స్థలాల్లో నాలుగిళ్ళకు గోడలు లేచి ఉన్నాయి. రెండు కుటుంబాలు, అందులో ముసలాయనది ఒకటి, అప్పటికే రేకులు వేసుకుని చేరిపోయాయి. నడుము లోతు నీళ్ళలో ఆవిడ ఉంది. చీర కొంగు దోపుకుని, థర్మాకోల్ తెప్ప మీద ఒక కుట్టుమిషనును పట్టుకుని నడిపిస్తోంది. అది ముసలాయన కోడలిది. ఆ మిషను మీదే ఆ ఇల్లు నడిచేది. మనుషులందరూ ముందే గట్టుకు చేరారు. తెల్లవారకముందే ఆవిడ ఫోన్లు చేసి లేపిందట. నేను చెప్పులు వదిలి నీళ్ళలోకి దిగాను. నన్ను చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. సారు కూడా సాయానికి వచ్చాడనుకున్నారు.

ముసలాయన తన స్థలం దగ్గర తొడల లోతు నీళ్ళలో నిలబడి కాలితో దేనికోసమో వెతుకుతున్నాడు.

"బయటికి రండి, జారిపడతారు," అన్నాను.

"రాయి చూస్తున్న సారూ," అన్నాడు. "మీరు పాతిచ్చిన రాయి. గీడనే ఉండాలె." ఇంకో అడుగు వేసి ఆగాడు. "ఆఁ, కాలికి తగిలింది. గిదే. చెయ్యి పెట్టి సూడుండ్రి."

ఆయన వెటకారం చేయలేదు. నేను కొలిచినవాణ్ణి కాబట్టి నాకు తెలియాలనుకున్నాడు. వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాను. రాయి చల్లగా, నున్నగా, నేను పాతించిన చోటనే ఉంది. నా చేతి కింద కొలత ఒక్క అంగుళం కూడా తప్పలేదు.

మధ్యాహ్నానికి సామానంతా బడి గదుల్లోకి చేరింది. పంచాయతీ గదిలో ఆవిడ కొంగు పిండుకుంటుంటే సంచిలోంచి పటం తీసి బల్ల మీద పరిచాను. ఆవిడ తడి చేతులు తుడుచుకుని దాన్ని చూసింది. నీలి గీత వెంట వేలు పోనిచ్చింది.

"ఎప్పుడు దొరికింది సార్?"

ఈ ఉదయమే అని చెప్పవచ్చు. నమ్మేది కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఆ సమావేశం కంటే ముందే," అన్నాను.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. వేలు గీత మీంచి తీసింది.

"మీరు లేదన్నరు గదా, అందుకే లేదనుకున్న," అంది. "మీరు రికార్డు చూస్తే సూది కూడ ఒదలరని నేనే అందరికి చెప్తుంటి. గా ముసలి బాపు ప్లాటు ఒద్దన్నడు సార్, తెలుసా మీకు? నీళ్ళ జాగ బిడ్డా, ఒద్దన్నడు. నేనే పోయి సముదాయించిన. రికార్డుల లేదంట బాపు, నువ్వు తప్పు యాది చేస్తున్నవ్ అన్న. సరే బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి అన్నడు. గట్ల తీస్కున్నడు ఆ ప్లాటు."

పటాన్ని జాగ్రత్తగా మడిచి నాకే ఇచ్చింది. "పెద్ద సార్‌కు మీరే చూపెట్టుండ్రి. నేను ఏం చెప్ప."

నేనే చూపించాను. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిచ్చాను. విచారణ జరిగింది. రావలసిన పదోన్నతి రాలేదు, ఆ తర్వాత ఇక రానూ లేదు. విచారణ చేసిన అధికారి చాలాసార్లు అడిగారు, ఎవరైనా ఒత్తిడి తెచ్చారా, ఎవరికైనా లాభం ఉందా అని. ఎవరికీ లాభం లేదండీ, ఆవిడ నాకంటే బాగా రాసింది అంటే ఆయనకు అర్థం కాలేదు. 'నిర్లక్ష్యం' అని రాసుకున్నారు. అది నిర్లక్ష్యం కాదు. ఆ ఉద్యోగంలో నేను అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు.

ఆ కుటుంబాలకు గుట్ట వైపు, గరుకు నేల మీద వేరే స్థలాలు ఇవ్వడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో వాళ్ళలో వేరే రెండు కుటుంబాలు ఊరొదిలి అద్దె గదులకు పోయాయి. పుస్తకం వచ్చింది. వెనక పటంలో ఆవిడ గీతే ఉంది. ఆధారాల్లో పాత పటం గురించి ఒక వాక్యం, దాన్ని వెతికి తీసినవాడిగా నా హోదా రాసింది. ఎప్పుడు తీశానన్నది రాయలేదు. నాకు పుస్తకం ఇచ్చినప్పుడు ముందు ఆ వాక్యమే వెతుక్కున్నాను. తర్వాత పుస్తకమంతా చదివాను. బాగుంది. చదువుతున్నంతసేపూ కడుపులో పాత మంట అలాగే ఉంది. పశ్చాత్తాపం వస్తే అసూయ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

రిటైరవడానికి నెల ముందు ముసలాయన దగ్గరకు వెళ్ళాను. అప్పటిదాకా ధైర్యం చాల్లేదు. కొత్త ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. చెరువులో మళ్ళీ చేపలు పడుతున్నాయి. జరిగిందంతా చెప్పాను. ఆవిడ చెప్పి ఉంటుందనుకున్నాను. చెప్పలేదు. ఆయన అన్నీ నా నోటే మొదటిసారి విన్నాడు.

చేతిలోని దారం కింద పెట్టాడు.

"అంటే, నేను చెప్పింది కరెక్టేనా?"

"అక్షరాలా కరెక్టు. పటంలో అలాగే ఉంది."

"నీళ్ళు వచ్చినంక, నేను చెప్పిన కాడికే వచ్చినయని అందరు అన్నరు. నాకు మాత్రం, వాన ఎక్కువ పడ్డదని వచ్చినయేమో అనిపిచ్చింది." ఒళ్ళోని వలను పక్కకు జరిపాడు. "మతి తప్పుతుందనుకున్న సారూ. మా నాయిన గట్లనే పోయిండు, ఎవరిని గుర్తువట్టక. గా బిడ్డ, 'నువ్వు తప్పు యాది చేస్తున్నవ్' అన్నకాడికెల్లి భయం వట్టింది. మనుమలకు కత చెప్పాలన్నా భయమే, తప్పు చెప్తనేమో అని. చెప్పుడే బంద్ చేసిన."

ఇల్లు మునిగిందని ఒక్క మాట అనలేదు. నేను ఆయన ఇంటి లెక్కే వేసుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఈ లెక్క నాకు తెలియదు.

"తప్పు నాది," అన్నాను.

"అవ్, మీదే," అన్నాడు. లోపలికి చూసి కోడలిని పిలిచాడు. "గా బిడ్డకు ఫోన్ కలుపు. నేను చెప్పింది పటంల ఉన్నదట అని చెప్పాలె."

ఫోన్ కలిసింది. ఆయన మాట మొదలుపెట్టాడు. ముందు పటం గురించి, ఆపైన చెరువు గురించి, దానికి ఏ ఏడాది ఎవరు కట్ట పోశారు, ఏ మలుపులో ఏ చేప పడేది. గొంతు పెరిగింది. బడి నుంచి వచ్చిన మనుమరాలు సంచీ దించకుండానే అరుగు మీద కూర్చుంది. ఫోన్ అవతల ఆవిడ నవ్వు నాకు వినిపిస్తూనే ఉంది. నా జేబులో పెన్నుంది. తీయలేదు. ఆ మాటలు నాకు చెబుతున్నవి కావు. లేచి చెప్పులు వేసుకున్నాను. వెళ్ళొస్తానంటే ఆయన చెయ్యి ఊపాడు, మాట ఆపలేదు. గేటు దాకా వెళ్ళి కాసేపు నిలబడ్డాను. కూర్చోమని పిలుస్తాడేమోనని కాదు అని మీకు చెప్పాలనుంది. కానీ పిలుస్తాడేమోననే నిలబడ్డాను.